అన్నం ఎన్ని పూటలు?

కర్నూలు నుంచి ఆలూరు పోయే దారి. కారు నడుపుతున్నది ప్రొఫెసర్ వేణుగోపాల్. పక్క సీట్లో ఆయన దగ్గర పిహెచ్‌డి చేస్తున్న సుప్రజ. ఇద్దరూ సీటు బెల్టులు పెట్టుకున్నారు గానీ నోళ్లకు ఏ బెల్టూ లేదు.

“ఆ మాట వెనక్కి తీసుకోండి సార్.”

“ఏ మాట?”

“కడుపుమంట అన్నారే, ఆ మాట. మీ రూములో అందరి ముందర అన్నారు.”

“ఇప్పుడు కార్లో ఇద్దరమే ఉండాము. ఇప్పుడూ అంటా. గైడు రాసిన పేపరు తప్పని, గైడుకే చెప్పకుండా జర్నలుకు లెటర్ రాసిన స్టూడెంటును ఇంకేమనాల? నువ్వే ఒక మాట చెప్పు, అదే అంటా.”

“చెప్పకుండా రాయలేదు. మీకు మూడు తూర్లు వాట్సాప్ పెట్టినా.”

“చూళ్లేదు.”

“మూడోదానికి బొటనవేలు బొమ్మ పెట్టినారు.”

“చూడకుండా పెట్టింటా. నాకు దినానికి ఎన్ని వస్తాయో నీకేం తెలుసు?”

“చూడకుండా పెట్టేది మీకు అలవాటే లే సార్.”

“ఏమన్నావు?”

“ఏమీ అన్లేదు. ముందర గొర్రెలుండాయి, చూసి నడపండి.”

“నాకు నడిపేది నువ్వు నేర్పొద్దు. ఇంగ్లీషులో పెద్ద లెటర్ రాసినావు గదా, అదే నాకు తెలుగులో చెప్పు. నా మొగం చూసి చెప్పు.”

“మొగం చూస్తే మీరు దావ తప్పుతారు. ఇట్లనే చెప్తా, వినండి. మీ పేపరు ఏమంటాది? ఆలూరు పక్క పల్లెల్లో నూటికి అరవై ఇండ్లల్ల దినానికి ఒక్క పూటే తింటారు అంటాది. అంతేనా?”

“అంతే.”

“దానికి మీరు ఊర్లో అడిగిన ప్రశ్న ఏంది?”

“దినానికి ఎన్ని పూటలు భోంచేస్తారని.”

“కాదు.”

“కాదా? పేపరు రాసింది నేనా, నువ్వా?”

“పేపర్లో ఉండేది ఇంగ్లీషు ప్రశ్న. ఊర్లో అడిగిన తెలుగు ప్రశ్న పేపర్లో లేదు. అనుబంధం అని వేరే ఫైలు ఉండాది, జర్నలు పేజీలో అడుగున, ఎవురూ నొక్కని తావ. పేపరుకు దుడ్లు కడితేనే తెరిచే తాళం ఉండాది గానీ ఆ ఫైలుకు తాళం లేదు. తెరిచినా. ‘రోజుకు అన్నం ఎన్నిసార్లు తింటారు?’ అని ఉండాది. అన్నం సార్. అన్నం.”

“ఉంటే ఏమి? అన్నమంటే భోజనమే గదా. మీ పక్క ఎదురైనోళ్లను ‘అన్నం తిన్నావా’ అని అడగరా?”

“అడుగుతారు. తిన్నాము అంటారు, పోతారు. అదే ఒకడు చొక్కా టక్కు చేసుకోని, అట్ట పట్టుకోని ఇంటి ముందర కూర్చోని, ఎన్నిసార్లు, ఎన్నిసార్లు అని లెక్క అడిగితే మాత్రం అన్నమంటే అన్నమే. బియ్యం ఉడికించింది. మా పక్క పొద్దున జొన్నరొట్టె, మధ్యాన్నం చేన్లో రొట్టె, మాపటికి అన్నం. అన్నం ఎన్నిసార్లు అంటే ఒకసారి అంటారు. వాళ్లు నిజమే చెప్పినారు. మీరు తీసుకపోయి వాళ్లను పస్తు పండబెట్టినారు.”

“ఇది నీకు ఎట్ల తెలుసు?”

“ఎట్ల తెలుసా? మా ఊరు సార్. మా ఇల్లు. పుట్టినప్పట్నుంచి తింటాండా.”

“నువ్వొక్కదానివి తిన్న రొట్టె డేటా అయితాదా?”

“మరి మీ అన్నం ఎట్లయింది డేటా?”

“మాటకు మాట చెప్పేది కాదు రీసర్చి అంటే. ఆ పేపరు యాడ అచ్చయింది, అది చూడు. దుడ్లు కడితే వారంలో అచ్చేసే దొంగ జర్నలు కాదది. లోకంలో ఆ సబ్జెక్టుకు మొదటి వరసలో ఉండే జర్నలు. ముగ్గురు రివ్యూయర్లు చూసినారు. రెండేండ్లు తిప్పినారు నన్ను. అచ్చులో ఒక చుక్క తప్పుంటే వెనక్కి పంపినారు.”

“చుక్కలు చూసినారు, సరే. ఆ ముగ్గుర్లో ఒక్కరికన్నా తెలుగు వచ్చునా?”

“రివ్యూయర్ల పేర్లు చెప్పరు. అది పద్ధతి.”

“పేరు వద్దు. తెలుగు వచ్చినోడు ఒక్కడున్నా అనుబంధం చూసి మీకు రాసేవాడు. ఎవురూ రాయలేదంటే చూడలేదని అర్థం. వాళ్లు ఇంగ్లీషు ప్రశ్న చూసినారు, ఇంగ్లీషు జవాబు చూసినారు, మధ్యలో మా ఊరొకటి ఉండాదని మర్చిపోయినారు.”

“మరి ఇంతమంది వాళ్ల పేపర్లలో నా పేపరు పేరు చెప్పి సైట్ చేసినారే, వాళ్లంతా తెలివితక్కువోళ్లా? కేంబ్రిడ్జి వాళ్లు చేసినారు. ఢిల్లీ వాళ్లు చేసినారు. నీకొక్కదానికే తెలివి పుట్టిందా?”

“సైట్ చేసినోళ్లందర్నీ తీసినా సార్. డేటాబేసులో మీ పేపరు కింద నొక్కితే వరసగా వస్తాయి గదా, ఒక్కొక్కటి తెరిచి చదివినా. మొదటాయన మీ పేరు చెప్పి ‘ఆలూరు ప్రాంతంలో’ అని రాసినాడు. సరే. ఆయన్ను చూసి ఇంకొకాయన ‘రాయలసీమలో’ అన్నాడు. ఆయన్ను చూసి ఒకామె ‘దక్షిణ భారతంలో’ అనింది. ఆఖరికి ఒకాయన ఆకలిచావులు అని రాసినాడు. ఎవురు చచ్చినారు సార్ మా ఊర్లో? పేరు చెప్పండి, పోయి పలకరించి వస్తాం.”

“అది నేను రాయలేదు.”

“మీ సైటేషన్ల లెక్కలో మాత్రం వేసుకున్నారు. ప్రమోషన్ ఫైల్లో పెట్టినారు.”

“లెక్క కంప్యూటర్ వేస్తాది, నేను వేయను.”

“మీ అసలు పేపరు తెరిచి చదివినోళ్లు పిడికెడు మంది లేరు. ఒకర్ని చూసి ఒకరు రాసుకున్నారు. ముందరి గొర్రె యాడ దూకితే వెనకవన్నీ ఆడనే దూకుతాయి. ఇందాక చూసినాము గదా దావలో.”

“నన్ను గొర్రె అంటాండావు.”

“మిమ్మల్ని కాదు. మీరు ముందరి గొర్రె.”

“దిగు కార్లో నుంచి.”

“యాడ దిగేది? కోడుమూరు కూడా దాటలేదు.”

“నీకు మర్యాద లేదు సుప్రజా. నీ అడ్మిషనుకు అందరూ అడ్డం పడినప్పుడు నిలబడింది నేను. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాక తల దించుకోని కూర్చుంటే ‘ఈ పిల్లకు ఊరు తెలుసు, నాకు కావాల’ అనింది నేను.”

“అన్నారు. మర్చిపోలేదు. మొదటి సంవత్సరం క్లాసులో ఇంకొక మాట కూడా అన్నారు. పేపరు చేతికొస్తే ఏ జర్నలు అని చూడొద్దు, ఎంతమంది మెచ్చుకున్నారని చూడొద్దు, ఎవర్ని అడిగినారు, ఏ మాటల్లో అడిగినారు, అది చూడమన్నారు. నోట్సులో రాసుకోని మీ పేపరు మీదనే చేసినా. మీకు కోపమొచ్చింది.”

“నా పేపరు మీద చేయమని చెప్పలేదు.”

“చెయ్యొద్దని కూడా చెప్పలేదు.”

“చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్ల మాట్లాడ్తాండావు.”

“అది ఎవురికి తగులుతాదో మీరే చూసుకోండి. ఇంకొక సంగతి. ఆ ప్రశ్నను తెలుగు చేసింది ఎవురు?”

“ఏజెన్సీ.”

“యాడ ఏజెన్సీ?”

“హైదరాబాదు.”

“తెలుగు చేసినాంక, దాన్ని వేరే మనిషితో మళ్లీ ఇంగ్లీషు చేయించి సరిచూసినాము అని పేపర్లో రాసినారు. చేయించినారా?”

“చేయించినాము.”

“వేరే మనిషితోనేనా?”

“ఏజెన్సీ వాళ్లే చేయించినారు.”

“వేరే మనిషితోనేనా సార్?”

“ఏసీ ఎక్కువుందా? తగ్గించేదా?”

“ఏసీ బాగుండాది. వేరే మనిషితోనేనా?”

“ఎన్ని తూర్లు అడుగుతావు ఒకే మాట?”

“మీరు చెప్పేదంకా.”

“వాళ్లు చేయించినామని కాగితం ఇచ్చినారు. నేను నమ్మినా. గడువు మీద పడింది. ఫండు తిరిగి పోతాదన్నారు. అందరూ అట్లనే చేస్తారు. నువ్వు రేపు గైడువైతే నువ్వూ అట్లనే చేస్తావు.”

“చెయ్యను.”

“చూస్తాం గదా.”

“చూడండి.”

“సరే, ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. ఇదంతా జ్ఞానం కోసరమేనా?”

“ఇంకెందుకు?”

“నీ తమ్ముని సంబంధం తప్పిపోయిందంటనే.”

“...ఎవురు చెప్పినారు మీకు?”

“ఎవురో చెప్పినారు. తప్పిపోయిందా లేదా?”

“దాంట్లో దాచిపెట్టేది ఏమీ లేదు. మా భూపేషుకు కడప పక్క సంబంధం వచ్చింది. పిల్ల చిన్నాయన లెక్చరరు. మా ఊరి పేరు గూగుల్లో కొట్టినాడు. మీ పేపరు పైన వచ్చింది. మ్యాపులో మా ఊరి మీద ఎర్రచుక్క పెట్టినారు గదా, అది చూసినాడు. ‘ఒక పూట తినే ఊరికి పిల్లనియ్యము’ అని ఫోన్లో చెప్పినారు మా నాయనకు. మా నాయనకు సార్! నలభై ఎకరాలుండాయి ఆయనకు. తిరణాలకు వచ్చినోళ్లకు తిన్నంత పెట్టి పంపే ఇల్లు మాది.”

“అట్ల చెప్పు! సైన్సు కాదు ఇది, సంబంధం.”

“ఎందుకు చూసినానో అది నా ఇష్టం. చూసింది తప్పా ఒప్పా, అది చెప్పండి.”

“పరువు కోసరం చూసేవాళ్లకు కావాల్సిందే కనబడ్తాది.”

“పేరు కోసరం చూసేవాళ్లకు కనబడేది ఏందో?”

“మా నాయన మైదుకూరులో అంగడి పెట్టుకోని నన్ను చదివించినాడు. ఎకరాల పొగరు నాకు లేదు.”

“అంగడి బుద్ధి ఉండాది. సీలు బాగుంటే లోపల ఏ సరుకున్నా అమ్మొచ్చని.”

“మా నాయన మాట ఎత్తొద్దు.”

“మా నాయన మాట ముందు మీరెత్తినారు. పొగరు అన్నారు.”

“నేనెత్తలేదు, నువ్వెత్తినావు. నలభై ఎకరాలని నువ్వే చెప్పినావు.”

“సరే, ఇద్దరి నాయనల్నీ ఇడిసిపెడదాం.”

“ఇడిసిపెడదాం. కోడుమూరు ఎప్పుడో దాటినాము. నీళ్లు కావల్నా? వెనక సీట్లో బాటిలుండాది.”

“వద్దు.”

“గొంతు ఎండిపోయినట్టుంది, అరిచి అరిచి.”

“నేను అరవలేదు. మీరు అరిచినారు. వద్దు.”

“మీ ఊర్లో ఒక షెడ్డు కడతాండారు, బడి పక్కన. చూసినావా?”

“చూసినా. గోడలు లేసినాయి.”

“ఎందుకు కడతాండారో తెలుసా?”

“పొద్దున పూట గంజి పోసేకంట.”

“ఒక సంస్థ కడతాంది. పొద్దున వచ్చినోళ్లకు వచ్చినట్టు కడుపునిండా పెట్టేకి. ఏం చూసి కడతాంది? నా పేపరు చూసి. నీ లెటర్ అచ్చయితే ఏమైతాదో ఆలోచన చేసినావా?”

“వాళ్లిష్టం.”

“వాళ్లిష్టమంటే? మొన్న ఫోన్ చేసినారు. ‘మీ పేపరు మీద ఏదో లెటర్ వస్తాదంట గదా, నిజమైతే చెప్పండి, పనులు ఆపుతాము’ అన్నారు. నేనేం చెప్పాల? ఒక పిల్ల తమ్ముని పెండ్లి కోసరం రాసింది అని చెప్పేదా?”

“తప్పు లెక్క మీద వచ్చిన గంజి మాకు వద్దని చెప్పండి. నిజంగా పస్తుండే ఊర్లు ఉండాయి గదా, ఆడికి పంపమని చెప్పండి. మా ఊర్లో పొద్దున తినకుండా పన్లోకి పోయేవాళ్లు లేరు.”

“అంత గట్టిగా చెప్తాండావు.”

“చూసినా కాబట్టి చెప్తాండా. మీరు ఊర్లో ఎన్ని దినాలు ఉండారు సార్? మీ సర్వే అప్పుడు?”

“నేనెందుకు ఉంటా? ఫీల్డు టీము ఉంటాది.”

“మీరు ఎన్ని తూర్లు వచ్చినారు?”

“ఇన్నేండ్లలో ఎన్నో తూర్లు వచ్చింటా.”

“మా ఊరికి?”

“ఆలూరు దంకా వచ్చినా.”

“ఆలూరు దంకా! ఆలూరు గెస్ట్‌హౌసులో ఏం పెట్టినారు మీకు? అన్నమే పెట్టింటారు. అందుకే రొట్టె కనబడలేదు.”

“సుప్రజా, ఒక మాట చెప్తా, జాగ్రత్తగా విను. నీ థీసిస్ నా టేబులు మీదుండాది. నా సంతకం లేకుండా అది కదలదు.”

“బెదిరిస్తాండారా?”

“ఉండే సంగతి చెప్తాండా.”

“సంతకం పెట్టొద్దులే. ఎందుకు పెట్టలేదో అది కూడా రాస్తా.”

“రాయి. రాసుకుంటూ కూర్చో. నాలుగేండ్లు చేసినావు, ఇంకో నాలుగేండ్లు కూర్చో. కొత్త గైడును వెతుక్కో. గైడు మీద జర్నలుకు రాసిన పిల్లను ఎవురు తీసుకుంటారో నేనూ చూస్తా.”

“అంటే తప్పు చేసినోళ్లు ప్రొఫెసర్లు, చెప్పినోళ్లు ఇంటికి పోవాల.”

“నువ్వు లెటర్ వెనక్కి తీసుకో. రేపు పొద్దునే సంతకం పెడతా. ఇంకేం అడగను. కొత్త సర్వే చేద్దాం, నీ ప్రశ్నతోనే చేద్దాం, పేపర్లో నీ పేరు ముందర పెడతా.”

“అది ఎప్పుడు వస్తాది?”

“రెండేండ్లు, మూడేండ్లు.”

“అప్పటిదంకా మా ఊరు ఒక పూట తినాల్నా?”

“నీకు చెప్పేదానికంటే గోడకు చెప్పేది మేలు.”

“ఎడిటరు ఈ పొద్దు సాయంత్రంలోగా ఖాయం చేస్తావా, వెనక్కి తీసుకుంటావా అని అడిగినాడు. ఫోన్లో పేజీ తెరిచిపెట్టినా. ఒక్కటి నొక్కితే లెటర్ అచ్చుకు పోతాది.”

“మరి ఎందుకు నొక్కలేదు ఇంతసేపు?”

“మీరు వస్తామన్నారు గదా. ఊరికి వచ్చి మీ చెవులతో మీరే అడిగి చూడండి అంటే, కారు తీసినారు. మీరు విన్నాంక నొక్కుదామని.”

“నేను తీస్తాననుకోలేదు నువ్వు.”

“అనుకోలేదు.”

“అయితే అడుగుదాం. ఒక్క మనిషిని. పొద్దున రొట్టె తింటాము అని ఆ మనిషి చెప్తే, పేపరు తప్పని నేనే జర్నలుకు రాస్తా. నా చేత్తో రాస్తా. తినము అంటే నువ్వు వెనక్కి తీసుకోవాల.”

“ఒక్క మనిషి డేటా కాదంటిరి ఇందాక.”

“ఒప్పుకుంటావా లేదా?”

“ఒప్పుకుంటా. మాట తప్పకూడదు.”

“నేను తప్పను. ఆలూరు వచ్చేసింది, దావ ఎటు?”

“ఎడమకు తిరగండి. మెల్లగా, గుంతలుండాయి. ఆ షెడ్డు దాటి, ముందుకు. ఆడ నిలపండి.”

“ఎవర్ని అడగాల?”

“మీరే చూపీండి. మీకు నచ్చినోళ్లను.”

“నేను చూపిస్తే ముందే మాట్లాడి పెట్టినాడు అంటావు. ఊరు నీది. నువ్వే చూపీ.”

“అదో, ఆ రేకుల ఇంటి ముందర కూర్చుండాది చూడండి, సోమక్క. నన్నెత్తుకోని తిప్పింది. మీ సర్వేవాళ్లు అడిగినోళ్లల్లో ఆమె కూడా ఉండాదంట. ఆమెకు అబద్ధం చెప్పేకి రాదు. నడండి.”

“ఎవురది? సుప్రజమ్మా? ఏమ్మా, సెలవులిచ్చినారా?”

“లేదు సోమక్కా, పని మీద వచ్చినా. ఈయన మా సారు, కర్నూలు నుంచి వచ్చినారు.”

“ఇంగో సారా? రాసుకునే సారేనా?”

“నేను రాసుకోనమ్మా. ఊరికే వచ్చినా.”

“ఊరికే ఎవురొస్తారప్పా ఈడికి? పోయిన తూరి ఒగడు వచ్చినాడు, నా పని చెడగొట్టి శానాసేపు కూర్చున్నాడు. మరుగుదొడ్డి ఉండాదా అన్నాడు, టీవీ ఉండాదా అన్నాడు, ఎందరు పిల్లోళ్లు అన్నాడు, అన్నీ రాసుకున్నాడు. ఫోటో కూడా దించుకున్నాడు. ఇంగ మల్ల మొగం చూపీలే. నువ్వూ అంతేనా?”

“ఆయన్ను ఇడిసిపెట్టు సోమక్కా. నేనడుగుతా, నాకు చెప్పు. వాడు అన్నం ఎన్నిసార్లు తింటావని అడిగినాడా?”

“అడిగినాడు.”

“ఏం చెప్పినావు?”

“ఒగతూరి అని చెప్పినా.”

“అన్నం మాపటికే గదా వండుతావు?”

“మాపటికే. రేషను బియ్యం మూడు తూర్లు వండేకి వస్తాయా?”

“అదే. మరి పొద్దున రొట్టె తింటావు గదా?”

“అట్ల అడగకూడదు సుప్రజా. జవాబు నోట్లో పెట్టి అడుగుతాండావు.”

“గమ్మునుండండి సార్. మీ మాటల్లో మీరు అడిగినారు, మా మాటల్లో నేనడుగుతాండా. చెప్పు సోమక్కా, పొద్దున జొన్నరొట్టె తింటావు గదా?”

“తింటా గదమ్మా. నీకు తెల్దా ఏమి? దినామూ తింటా.”

“విన్నారా?”

“విన్నా.”

“దినామూ అనింది. దినామూ! మీ ఎర్రచుక్క, మీ కేంబ్రిడ్జి, మీ ఆకలిచావులు, ఒక్క మాటతో పోయినాయి. ఇదో సార్, నొక్కినా. పోయింది. ‘మీ లేఖ ఖాయమైంది’ అని వచ్చింది కూడా, చూడండి.”

“తొందరపడినావు.”

“ఓడిపోయినోళ్లు అట్లనే అంటారు. మాట ప్రకారం ఇంగ మీరు రాయండి.”

“రాస్తా. మాటిచ్చినా, రాస్తా. రాసేముందర నేనొక మాట అడగొచ్చునా ఆమెను?”

“ఇంగేముండాది అడిగేకి? అడుక్కోండి.”

“సోమక్కా, ఆ రొట్టె ఎవురు చేస్తారు మీ ఇంట్లో?”

“మా ఇంట్లోనా? మా ఇంట్లో పొద్దున పొయ్యే ముట్టీయము గదా సారూ. జొన్నలు యాడివి? చేన్లన్నీ పత్తి అయిపాయె. ఈ సుప్రజమ్మ వాళ్లింట్లో కసువు ఊడ్చి, అంట్లు తోమినాంక వీళ్లమ్మ రొట్టె చేతికిస్తాది. పశువుల కొట్టం తావ కూర్చోని తింటా.”

“మరి మీ ఇంట్లోవాళ్లు?”

“వాళ్లకు మాపటికి వండే అన్నమే, ఇంకేమీ లేదు. అదే గదా వానికి చెప్పింది.”

“సోమక్కా! ఆ మాట ముందే చెప్పొచ్చు గదా? ఇందాక నేనడిగితే దినామూ తింటా అంటివే!”

“నామీద అరుస్తావేమమ్మా? నువ్వు నన్నడిగితివి, నేను తింటా అంటిని. మా ఇంట్లో తింటారా అని నువ్వు యాడ అడిగితివి?”